తప్పొప్పుల పట్టిక



ఈ పుటలో అక్షరం పడి చాలా కాలమైంది. కంటికి శస్త్రచికిత్స ఒక కారణం, బద్ధకం రెండవది. రెండవదే ప్రధానమని మా ఇంటావిడ అభిప్రాయం. ఇవాళ మళ్ళీ నన్ను వ్రాయడానికి కూర్చోబెట్టినవి ఛందస్సో అలంకారాలో కావు, పేకముక్కలు. ముఖం చిట్లించకండి, చివరకు వ్యాకరణంలోనే తేలుతాను.

వేసవి సెలవులకు మా అమ్మాయి కొడుకు వచ్చాడు. ఇంజినీరింగు రెండవ సంవత్సరం. వచ్చిన నాటినుంచి ల్యాప్‌టాప్ తెరమీద ముక్కలు పరుస్తూ, తీస్తూ కూర్చున్నాడు. పిల్లవాడు పేకాట మరిగాడని మా ఇంటావిడ బెంగపెట్టుకొంది. విచారణాధికారిగా నన్ను పంపింది. పది నిమిషాలలో తేల్చుకొని రావలసినవాణ్ణి, పది రోజులు అక్కడే కూర్చుండిపోయాను.

ఆ ఆట పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితవేత్త రూపొందించగా 1993లో అమెరికాలో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ప్రచురించింది. ఆడే ఇద్దరూ మాంత్రికులన్నమాట. చెరి ఇరవై ప్రాణాంకాలతో మొదలుపెడతారు. భూములనుంచి శక్తిని రాబట్టి, జీవాలను రప్పించి, మంత్రాలు ప్రయోగించి, ఎదుటివాని ఇరవైని సున్నా చేయాలి. మన పేకలో ముక్కమీద అంకె, బొమ్మ మాత్రమే ఉంటాయి. ఆట నియమాలు ఆడేవారి నోట ఉంటాయి. ఇందులో అలా కాదు. ప్రతి కార్డుమీదా ఆ కార్డు ఏమి చేస్తుందో ఒకటి రెండు వాక్యాలలో వ్రాసి ఉంటుంది. అటువంటి వేర్వేరు కార్డులు ఇరవై వేలకు పైబడి ఉన్నాయి. వాటిలోనుంచి ఎవరి పేక వారు కూర్చుకొంటారు.

వీటన్నిటికీ కలిపి ఒక సామాన్య నియమాల గ్రంథం ఉంది. అందులో తొలి నియమాలలో ఒకటి ఇది: కార్డుమీది మాట సామాన్య నియమానికి విరుద్ధమైతే కార్డుమీది మాటదే గెలుపు. దాని వెంటనే మరొకటి: ఒకటి ‘చేయవచ్చు’ అని, మరొకటి ‘చేయరాదు’ అని అంటే, చేయరాదన్నదే చెల్లుతుంది. మనవడు ఈ రెండూ చెప్పగానే నేను కుర్చీ దగ్గరకు లాక్కొన్నాను. ఉత్సర్గం, అపవాదం, విధి, నిషేధం! భాషాప్రవీణ చదివే రోజులలో మా గురువుగారు తెల్లవారుజామున వల్లెవేయించినవన్నీ వీడు పేకముక్కలతో చెబుతున్నాడు.

ఈ ఆట బల్లమీద ఆడినంతకాలం నియమంలో చిన్న లోపమున్నా ఇద్దరు మనుషులు సర్దుకొంటారు. ‘అది అలా కాదులే, ఇలా అని వాళ్ళ ఉద్దేశం’ అనుకొని ముందుకు పోతారు. తీరకపోతే న్యాయనిర్ణేతను పిలుస్తారు. అదే ఆట యంత్రంలోకి ఎక్కేసరికి చిక్కు వచ్చింది. 2002లో మ్యాజిక్ ఆన్‌లైన్ అనే పేరుతో, 2019లో అరీనా అనే పేరుతో ఆ సంస్థే దానిని కంప్యూటరులోకి తెచ్చింది. అరీనాలో చాలా కార్డులకు ఆ ఆంగ్ల వాక్యాన్నే యంత్రం పదపదంగా విడదీసి, అన్వయించి, ఆజ్ఞలుగా మార్చుకొంటుందట. యంత్రానికి ఉద్దేశం తెలియదు. శబ్దమే తెలుసు. శబ్దంలో లోపముంటే ఆ లోపాన్నే తు చ తప్పకుండా ఆచరిస్తుంది.

మావాడు కూర్చున్నది ఈ రెండింటి ముందూ కాదు. ఔత్సాహికులు కొందరు తామే వ్రాసి, లోపలి వ్రాత అందరికీ తెరిచిపెట్టిన ఒక ప్రోగ్రాము ముందు. ఎవరైనా ఆడుకోవచ్చు, తప్పు కనబడితే ఎవరైనా దిద్దవచ్చు. వీడు ఆడే సమయంకంటె దిద్దే సమయం ఎక్కువ. ఆ సంగతి తెలిశాక మా ఇంటావిడ బెంగ కొంత తగ్గింది. పరీక్ష పేపర్లు దిద్దే వంశమే కదా అంది.

మొదటి రోజు వాడు చూపించిన తప్పు చెబుతాను. ఒక మంత్రం కార్డు ఉంది. దాని సారాంశం: ఒక జీవాన్ని నాశనం చేయి; దానిని ఏలుతున్నవాడు ఒక కార్డు తీసుకొంటాడు. ఈ ఆటలో సొంతదారు వేరు, ఏలుతున్నవాడు వేరు. నా జీవాన్ని నీవు మంత్రంతో వశం చేసుకోవచ్చు. అప్పుడు సొంతం నాది, ఏలుబడి నీది. మావాడు ఎదుటివాని జీవాన్ని అలా వశపరచుకొని, తానే దానిని నాశనం చేశాడు, కార్డు తనకే వస్తుందన్న లెక్కతో. యంత్రం ఆ కార్డును ఎదుటివాడికి ఇచ్చింది. ఆ ఒక్క కార్డుతోనే వీడు ఓడిపోయాడు.

“వాక్యం వరుసలోనే చేసింది తాతయ్యా. ముందు చంపమంది, చంపింది. చచ్చిన కార్డు దాని సొంతదారు గుట్టలోకి పోయింది. తరువాత ‘దాని’ అంది. ‘అది’ ఎక్కడుందా అని వెతికితే వాడి గుట్టలో దొరికింది. వాడికే ఇచ్చింది. మరి తప్పెక్కడ?” అన్నాడు.

నాకు వెంటనే రాజన్ శబ్దం గుర్తుకు వచ్చింది. దానిమీద చేరిన విభక్తి ప్రత్యయం లోపించిపోతుంది. కంటికి కనబడదు. అయినా అది ఉన్నప్పుడు ఏ కార్యం జరగాలో ఆ కార్యం జరుపుతేనే ‘రాజా’ అన్న రూపం సిద్ధిస్తుంది. పోయినదాని లక్షణం పోయిన తరువాత కూడా పనిచేస్తుందని పాణిని వ్యవస్థ చేశాడు. “ఇప్పుడు అది ఎక్కడ ఉందని కాదురా అడగవలసింది, పోయేముందు ఎవరి చేతిలో ఉందని” అన్నాను. వాడు నియమాల గ్రంథం తెరిచి వెతికాడు. ఆ మాటే ఉంది! పోయిన వస్తువును గూర్చి అడగవలసి వస్తే, చివరిసారి అది ఎలా ఉన్నదో దానినే ప్రమాణంగా తీసుకోవాలట. తాతామనవలం ఒకరినొకరం చూసుకొని నవ్వుకొన్నాము.

నన్ను ఆకట్టుకొన్నది ఆ తరువాత వాడు చేసిన పని. తప్పు తెలిసింది కదా అని వెంటనే దిద్దలేదు. ముందు ఒక నివేదిక వ్రాశాడు. ఏమి చేస్తే ఈ తప్పు మళ్ళీ కనబడుతుందో వరుసగా, ఏమి జరిగింది, ఏమి జరగవలసింది, ఏ నియమం ప్రకారం అన్నది సంఖ్యతో సహా. తరువాత ఒక చిన్న పరీక్ష వ్రాశాడు. యంత్రం తనతో తానే ఆ ఆటను ఆడుకొని, కార్డు సరైనవాడికి చేరిందో లేదో చూసుకొనే పరీక్ష. అది తప్పిందని రూఢి చేసుకొన్న తరువాతే అసలు వ్రాతలో చేయి పెట్టాడు.

మొదటి సవరణతో ఈ కార్డు బాగుపడింది, మరొక కార్డు చెడింది. ఆ రెండవ కార్డులో జీవం చావదు, చేతులు మారుతుంది అంతే. అక్కడ పాత ఏలికను కాదు, ఇప్పటి ఏలికనే చూడాలి. వీడు పెట్టిన నియమం అక్కడికీ ప్రాకింది. తర్కంలో దీనిని అతివ్యాప్తి దోషమంటాము. చెందకూడని చోటికీ లక్షణం చెందడం. ‘వస్తువు ఉన్నచోటనే ఉంటే ఇప్పటి స్థితి, విడిచిపోతే చివరి స్థితి’ అని రెండవసారి దిద్దాడు. రెండు పరీక్షలూ నెగ్గాయి. ఆ పరీక్షలను తీసివేయరట. ఎవరు ఎప్పుడు ఏది మార్చినా అవి మళ్ళీ నడుస్తాయి, ఒకసారి దిద్దిన తప్పు దొడ్డిదారిన తిరిగి రాకుండా.

మరునాడు వరుసక్రమం చిక్కు. ఒక జీవానికి రెండు కలిపే మంత్రం మొదట వేశారు. ఆ తరువాత దానిని ‘ఒకటికి ఒకటి’ జీవంగా మార్చే మంత్రం వేశారు. చివరకు దాని బలమెంత? వేసిన వరుసలో లెక్కిస్తే ఒకటి. నియమం ప్రకారం మూడు. ఎందుకంటే ఈ ఆటలో మార్పులన్నిటినీ ఏడు పొరలుగా విభజించారు. ఏడవ పొరలో మళ్ళీ లోపలి అంతరువులున్నాయి. విలువను స్థిరపరచేవి ముందు, కలిపేవి తీసేవి తరువాత. ఏది ముందు వేశారన్నది ఒకే అంతరువులో ఉన్నవాటి మధ్యనే చూడాలి.

ఇది నాకు కొత్తగా తోచలేదు. ‘పూచెను’ పక్కన ‘కలువలు’ చేరితే ముందు కకారం గకారం కావాలి. ఆ తరువాతే ముందున్న ద్రుతం సున్నగా మారి ‘పూచెంగలువలు’ అవుతుంది. రెండవ పని మొదట చేయబోతే దానికి ఆధారమే లేదు. ఆదేశంగా వచ్చిన సరళం ఎదురుగా ఉంటేనే కదా ఆ రెండవ సూత్రం కదిలేది! పిల్లలకు ముప్ఫైమూడేళ్ళు ఇదే చెప్పాను. ఇంత స్పష్టంగా నాకు నేనే చెప్పుకోలేదు.

ఇక అసలు గ్రంథకర్తల తప్పుల విషయం. 1993లో వచ్చిన తొలి ముద్రణను ఆల్ఫా అంటారు. అందులో రెండు కార్డులు పొరపాటున అచ్చుకే పోలేదు. ఆర్కిష్ ఆరిఫ్లామ్ అనే కార్డు వెల నాలుగు పడవలసింది రెండు పడింది. అదే సంవత్సరం బీటా ముద్రణలో వాటిని సరిచేశారు. అచ్చయిన కాగితాన్ని ఎవరూ వెనక్కు పిలవలేరు కనుక ఒక కట్టుబాటు చేసుకొన్నారు. ప్రతి కార్డుకూ ఒరాకిల్ అనే అధికారిక పాఠం ఒకటి విడిగా ఉంటుంది. చేతిలోని కార్డుమీద ఏమున్నా ఆ పాఠమే ప్రమాణం. సూత్రం మూల గ్రంథంలో ఉంటుంది, వార్తికం వేరుగా ఉంటుంది. పాణినికి కాత్యాయనుడు చేసినదీ, 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణానికి 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులవారు ప్రౌఢవ్యాకరణంతో చేసినదీ ఇటువంటి పనే. ఆ ప్రౌఢవ్యాకరణానికి త్రిలింగ లక్షణ శేషమని మరో పేరు. శేషం అంటే మిగిలినది. మొదటివాడు చెప్పక మిగిలినది చెప్పడం ధిక్కారం కాదు, గౌరవం.

అయితే తప్పు దిద్దడం వేరు, నియమం మార్చడం వేరు. 2020లో కంపానియన్ అనే కొత్త పద్ధతి తెచ్చారు. అందులో మాటల దోషమేమీ లేదు. వ్రాసినది వ్రాసినట్లే నడిచింది. కాని ఆ కార్డులు ఆటనంతా మింగివేశాయి. అదే సంవత్సరం జూన్‌లో, ఆ సహచరుణ్ణి ముందు మూడు శక్తులు చెల్లించి చేతిలోకి తెచ్చుకోవాలని నియమాన్నే మార్చారు. ‘మేము వ్రాసినది సరిగానే ఉంది, మేము కోరినదే సరికాదు’ అని ఒప్పుకోవడం అది. ‘మేము కోరినది సరే, వ్రాసినది సరికాదు’ అని ఒప్పుకోవడం మరొకటి. ఉపాధ్యాయుడికి రెండవదే కష్టం. ఎందుకో చెబుతాను.

2017 సెప్టెంబరులో ఇక్సలాన్ అనే సంపుటి వచ్చింది. అందులో హోస్టేజ్ టేకర్ అనే కార్డు ఉంది. బందీని పట్టేవాడన్నమాట. వాడు రంగంలోకి రాగానే ఒక జీవాన్నో, ఒక పరికరాన్నో వెలివేస్తాడు. వాడు రంగం విడిచేవరకు అది వెలిలోనే ఉంటుంది. వ్రాసినవారి ఉద్దేశం ‘వేరొక జీవాన్ని’ అని. అచ్చులో ‘వేరొక’ అన్న మాట పడలేదు. అంతే. రంగంలో ఇంకెవ్వరూ లేనప్పుడు వీడు వచ్చాడనుకోండి. ఎవరినో ఒకరిని పట్టక తప్పదు. ఉన్నది తానొక్కడే. తనను తాను వెలివేసుకొంటాడు. తాను రంగం విడిచాడు కనుక వెలి ముగిసి తిరిగి వస్తాడు. రాగానే మళ్ళీ తనను తానే పట్టుకొంటాడు. దీనికి అంతం లేదు. ఎవరూ ఆపలేని ఇటువంటి చక్రభ్రమణం వస్తే ఆట సమమైనట్లే లెక్క. కాగితంమీది తప్పు కాగితంమీదే ఉండిపోయింది. అధికారిక పాఠంలో మాత్రం ఆ సంపుటి విడుదలయ్యేనాటికే ‘వేరొక’ అని చేర్చి ప్రకటించారు.

మావాడు నవ్వుతూ ఇది చెప్పి ముగించాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

1994 సంగతి. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతికి తెలుగు చెబుతున్నాను. సంధి సూత్రాలను బాలవ్యాకరణ భాషలో చెబితే పిల్లలు బెదిరిపోతారని, సొంత మాటలలో నోట్సు చెప్పి వ్రాయించేవాణ్ణి. అర్ధసంవత్సర పరీక్షలో ‘వాడు + ఎక్కడ’ కలిపి వ్రాసి, సంధి పేరు చెప్పమన్నాను. తరగతి అంతా ‘వాడెక్కడ, ఉత్వసంధి’ అని వ్రాసింది. ఒక్క అమ్మాయి ‘వాడుయెక్కడ, యడాగమం’ అని వ్రాసింది. రెండు మార్కులు కొట్టివేశాను. కాగితాలు ఇచ్చిన రోజున ఆ పిల్ల లేచి నిలబడింది.

“మాస్టారూ, మీరు చెప్పిన నోట్సులో ఉన్నట్లే రాశానండి” అంది.

“తెలుగు మాట్లాడేవాళ్ళెవరైనా ఇలా వ్రాస్తారా? నీ చెవి ఏమైంది?” అన్నాను. తరగతి గొల్లుమంది. ఆ పిల్ల నోట్సు పుస్తకం తెరిచి పట్టుకొని ఉంది. నేను దానివైపు చూడలేదు. కూర్చోమన్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చి నా పాఠ్యప్రణాళిక పుస్తకం తీసి చూశాను. నేను వ్రాయించిన వాక్యం ఇలా ఉంది: ‘అచ్చుకు అచ్చు పరమైనప్పుడు నడుమ యకారం వస్తుంది.’ ‘సంధి జరగని చోట’ అన్న మూడు ముక్కలు లేవు. ఆ మాటలు లేకపోతే యడాగమం ప్రతి అచ్చుసంధినీ మింగివేస్తుంది. ‘మాయమ్మ’ సిద్ధించే సూత్రంతోనే ‘వాడుయెక్కడ’ కూడా సిద్ధిస్తుంది. తక్కినవారంతా నా సూత్రం చదివి వ్రాయలేదు. ఇంట్లో విన్న తెలుగునుబట్టి వ్రాశారు. నా వాక్యాన్ని నమ్మి, అందులో ఉన్నదానిని ఉన్నట్లు అనుసరించినది ఆ ఒక్క పిల్లే. నా తప్పును నా ఎదుట చూపించినదీ ఆ పిల్లే. నేను ఆమె చెవిని తప్పుపట్టాను.

మరునాడు ఏమి చేశానంటారా? నోట్సు దిద్దించాను. ‘యడాగమం దగ్గర ఒక మాట చేర్చుకోండి’ అని, ఏదో విశేషం చెబుతున్నట్లు చెప్పాను. తప్పు నాదని అనలేదు. ఆ రెండు మార్కులు కలపలేదు. కలిపితే ఎందుకు కలిపానో తరగతికి చెప్పవలసి వస్తుంది మరి! ఆ పిల్ల తలవంచుకొని నేను చెప్పిన మాటలు చేర్చుకొంది. పదవ తరగతి పూర్తయ్యేవరకు నా తరగతిలో మళ్ళీ చేయి ఎత్తలేదు. నేను ఆ బడినుంచి బదిలీ అయినాను. ఆమె ఏమైందో నాకు తెలియదు.

ఇన్నేళ్ళూ ఈ విషయం ఎవరికీ చెప్పలేదు. ఉదయం కాఫీ తాగుతూ మనవడికి చెప్పాను. వాడు కాసేపు ఊరుకొని, “నోట్సు దిద్దావు కదా తాతయ్యా. నివేదికే లేదు” అన్నాడు.

వాడి మాటకు అర్థం తెలిసింది. వాడి లోకంలో దిద్దుబాటు అంటే కొత్త పాఠం ఒక్కటే కాదు. ఏది తప్పు, ఎప్పుడు దిద్దారు, ఎవరు పట్టుకొన్నారు అన్నది దానితోపాటే నమోదవుతుంది. తప్పు పట్టినవాడిని అక్కడ ఎవరూ చిన్నబుచ్చరు. పట్టినందుకు పేరు వ్రాసుకొంటారు. నేను గుట్టుగా దిద్దాను. గుట్టుగా దిద్దినప్పుడు సూత్రం బాగుపడుతుంది, దానివల్ల నష్టపోయినవారు మాత్రం తప్పు తమదేననుకొంటూ మిగిలిపోతారు.

వెనకటి పుస్తకాలలో చివర ఒక చిన్న కాగితం అంటించి ఉండేది, తప్పొప్పుల పట్టిక అని. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గళ్ళు. అది చూసి పుస్తకం చవకబారుదని అనుకొనేవాణ్ణి చిన్నతనంలో. అది అచ్చువేసినవాడి నిజాయితీ అని ఇప్పుడు తెలుస్తోంది. ఎలాగూ ఆ రెండు మార్కులు ఇప్పుడు ఏ లెక్కలోనూ చేరవు. మనవడు ఓడిన ఆట కూడా తిరిగి గెలుపు కాలేదు. అయినా పట్టిక పట్టికే. ఆలస్యంగానైనా ఇక్కడ అంటిస్తున్నాను.

1994-95, తొమ్మిదవ తరగతి, ‘బి’ విభాగం, తెలుగు నోట్సు, సంధుల పాఠం.

తప్పు: అచ్చుకు అచ్చు పరమైనప్పుడు నడుమ యకారం వస్తుంది.

ఒప్పు: సంధి జరగని చోట, అచ్చుకు అచ్చు పరమైనప్పుడు నడుమ యకారం వస్తుంది.

తప్పు చేసినది: ఉపాధ్యాయుడు.

పట్టుకొన్నది: మూడవ బెంచీలో కిటికీ పక్కన కూర్చొనే విద్యార్థిని. అర్ధసంవత్సర పరీక్షలో ఆమె వ్రాసిన జవాబు, ఆమెకు చెప్పిన సూత్రం ప్రకారం, పూర్తిగా సరైనది. రెండుకు రెండు మార్కులు.

స్వస్తి.